పదకొండో స్లయిడ్

పొద్దున్న ఎనిమిదికే దండాసి
మెషీన్స్ ల్యాబు గడపకి పసుపు రాసేడు.
వద్దన్నాను. వచ్చేది దేవుళ్లు కాదు, అక్రిడిటేషన్ కమిటీ.
"ఇద్దరికీ కొబ్బరికాయే కదమ్మా"
ముప్పయ్యేళ్ల డీసీ మోటారుకి బొట్టు పెడుతూ అన్నాడు.

గుణుపురంలో ఎండ అప్పుడే
వంశధార ఇసకని వేయిస్తోంది.
హాల్లో ముగ్గురు పెద్దమనుషులు.
ముగ్గురి ముందూ వేపుడు జీడిపప్పు,
నాలుగొందల పేజీల బైండు ఒక్కోటి: మా విభాగం.

ఎలక్ట్రికల్‌కి అధిపతిని. ఇవాళ నా పని మాట్లాడటం.
దార్శనికత అని ఒక స్లయిడు, లక్ష్యం అని ఇంకోటి,
రెండింటికీ తేడా ఏమిటో
నాకూ పాణిగ్రాహికీ నిన్న రాత్రి పదకొండయినా తేలలేదు.
క్లాసులో ఇంగ్లీషు, వరండాలో ఒడియా,
ఫ్యూజు ఎగిరినప్పుడు మాత్రం తెలుగు.
ఆ సంగతి ఎక్కడా పెట్టలేదు.

పదకొండోది ఉద్యోగాల పట్టిక.
ఆరేళ్లకి ఆరు నీలం కడ్డీలు.
నాలుగోది పొట్టి.

"మేడమ్, మూడేళ్ల సగటు చూపిద్దాం, గొయ్యి కనబడదు"
అన్నాడు పాణిగ్రాహి. మంచివాడు.
సగటు తియ్యడం మాకొచ్చిన విద్యే.
పైకీ కిందకీ కొట్టుకునే తరంగాన్ని
ఒక్క అంకెలో కుక్కి, గోడ మీద రెండొందల ముప్పై అని రాస్తాం.
సెకనుకి వందసార్లు అది సున్నాని తాకి వస్తుందని రాయం.
ఈసారికి ఉండనీ అన్నాను.

అధ్యక్షుడు కళ్లజోడు పైకి తోసి అడిగేడు:
"ఈ ఏడాది ఏమయింది?"

ఏమయిందంటే
గాలొచ్చింది.
కొండ మీద సవర ఊళ్లకెళ్లే పదకొండు కేవీ లైను
చింతచెట్లతో సహా పడుకుంది.
పడ్డ స్తంభాలు నాలుగొందలు, లైన్‌మెన్లు ముగ్గురు.
ఆఖరి సంవత్సరం ఇసాక్ రైతా నా గదికొచ్చి
ఊరెళ్లాలి, సెలవు కావాలి అనలేదు.
"మెగ్గరు ఇస్తారా మేడమ్" అన్నాడు.
రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇచ్చేను.
మర్నాడు గుమ్మంలో ఇరవయ్యారుగురు.
రబ్బరు తొడుగులు తొమ్మిది జతలు.

పంపిన సంతకం నాది.
లైను ఆపేమని సబ్‌స్టేషను వాళ్లు
కాయితం మీద రాసివ్వందే
ఎవరూ స్తంభం ఎక్కొద్దన్నాను.
నాయకత్వం గురించి నాకు తెలిసిందంతా
ఆ కాయితమే.
రాత్రి ఫోను మోగితే, ఎత్తేలోపు
ఒక్కొక్క పేరూ తల్చుకునేదాన్ని, రోల్ నంబరు వరసలో.

నలభై రోజులు.
ఈలోగా రెండు కంపెనీలు వచ్చి
ఖాళీ బెంచీలకి పరీక్ష పెట్టి పోయేయి.
ఇసాక్ ఇప్పుడు ఏదో సబ్‌స్టేషనులో కాంట్రాక్టు మీద ఉన్నాడు.
నియామక పత్రం లేదు కనక
ఏ కడ్డీలోనూ లేడు.

స్లయిడుకి తొంభై సెకన్లు.
"తుఫాను సార్" అన్నాను.
ఏదో రాసుకున్నాడు.

మధ్యాహ్నం ల్యాబులో, అందరిలోకీ చిన్నాయన,
పరికరాల రిజిస్టరు తిరగేస్తూ తిరగేస్తూ
ఒకచోట ఆగేడు.
మెగ్గరు, ఒకటి. తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ.
చివరి గడిలో ఒడియాలో రెండు ముక్కలు.
"ఏమిటిది?"
గొంతు సవరించుకున్నాను.
పొద్దుట్నుంచి దేనికీ తడబడలేదు నేను.

"పిడి విరిగింది.
మనుషులు అందరం వచ్చేం."

ఆయన పేజీ తిప్పలేదు.
దండాసి ఎక్కణ్ణించో కొబ్బరిచెక్కలు తెచ్చి
ఆయన చేతిలో ఒకటి పెట్టేడు,
నా చేతిలో ఒకటి,
మోటారు మీద ఒకటి.